కుడి సగం

సెప్టెంబర్ 9, సోమవారం

రోజూ కుడి చేత్తో అరపేజీ రాయాలట. పటాన్‌చెరు ఆసుపత్రిలో చేతికి కసరత్తు నేర్పే అంకిత చెప్పింది. ఏం రాయాలమ్మా అంటే, “ఏమన్న రాయుండ్రి అంకుల్, ఎవ్వరు సదవరు” అంది. ఎవరూ చదవనిదాన్ని రాయడం ఎందుకని అడగలేదు. ఇంట్లో పోయిన ఏడాది గ్రీజు కంపెనీవాళ్ళిచ్చిన డైరీ ఉంది. తేదీలకు వారాలు కలవడం లేదు. కొట్టేసి రాస్తున్నాను.

ఇవాళ డ్యూటీలో చేరాను. జూలైలో డై, అంటే ప్రెస్‌లో రేకును నొక్కే ఇనుప అచ్చు, జారి కుడి చేతి మీద పడ్డాక ఇదే మొదటి రోజు. ఎముకలు అతుక్కున్నాయి. బొటనవేలూ, దాని పక్క రెండు వేళ్ళూ కాస్త మొద్దుగా ఉన్నాయి. తగ్గుతుంది. ప్రెస్ షాపులో ఇరవై రెండేళ్ళుగా డై సెట్టర్‌ని. నా వేళ్ళ సంగతి నాకు తెలియదా.

హెచ్ఆర్ సునీల్‌కుమార్ సార్ కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. కుర్చీ చూపించాడంటే మంచి వార్త కాదు.

“యాదన్నా, మూడు నెలలు లైట్ డ్యూటీ. డిసెంబర్ ఏడుకు డాక్టర్ సూస్తడు. ఫిట్ అన్నడనుకో, మల్ల నీ ప్రెస్ నీదే.”

“అనకపోతే సార్?”

“గప్పుడు సూద్దాం.”

లైట్ డ్యూటీ అంటే స్టోర్‌లో కూర్చోవడం అనుకున్నాను. కాదు. రిసెప్షన్‌లో నాలుగడుగుల అక్వేరియం. లోపల చేపలు పది, మొక్కలు లెక్కలేనన్ని. ఎండీ గారు ఏదో హోటల్లో చూసి ముచ్చటపడి పెట్టించారు. పెట్టినవాడు పెట్టేసి పోయాడు. ఇప్పుడు అద్దం నిండా నాచు. రిసెప్షన్ చంద్రిక దాన్ని చూడకుండా ఉండటానికి కుర్చీ తిప్పుకుంది.

ఇక దాన్ని నేను చూడాలి.

సెప్టెంబర్ 10

అక్వేరియంతోపాటు వచ్చిన నల్ల సంచీ విప్పాను. సెక్యూరిటీ బాలప్ప ఒక అడుగు వెనక్కి వేసి, “గిదేందే, ఆపరేషన్ సామానా?” అన్నాడు.

అన్నీ స్టీలువే. మూరెడుకు కాస్త తక్కువ పొడుగున చిమటాలు రెండు, ఒకటి తిన్ననిది, ఒకటి ముక్కు వంగినది. మొక్కను పట్టుకుని నీళ్ళ అడుగున మట్టిలో గుచ్చడానికి. తిన్నటి కత్తెర ఒకటి, పొడుగు కాడలకు. ఇంకో కత్తెరకు మెడ దగ్గర రెండు వంపులున్నాయి. చెయ్యి పైనే ఉంటుంది, అది అడుగున గడ్డిని నేలబారుగా కోస్తుంది. చివరిది మట్టి చదును చేసే రేకు, అట్లకాడకు తమ్ముడు.

తిన్నటి చిమటాను వెలుతురుకు పెట్టి చూశాను. కొనలు కలవడం లేదు. వెంట్రుకంత తేడా. వెంట్రుకంత అంటే తేడాయే. టూల్ రూంకు తీసుకెళ్ళి సానరాయి మీద సరిచేశాను. ఎడమ చేత్తో. కుడిదానికి విశ్రాంతి అవసరం.

సెప్టెంబర్ 12

కొత్త కాడలు నలభై వచ్చాయి. ఎర్రటివి, పేరు రొటాలా అని కవరు మీద ఉంది. నలభై నాటాను. భోజనం చేసి వచ్చేసరికి ముప్పై ఒకటి పైన తేలుతున్నాయి. చంద్రిక కుర్చీ ఇటు తిప్పుకుంది.

సెప్టెంబర్ 13

మళ్ళీ నాటాను. ఇరవై తొమ్మిది తేలాయి. పురోగతి.

సెప్టెంబర్ 15, ఆదివారం

అమ్మకు చెప్పక తప్పలేదు. లక్డారంలో మా అమ్మ దేవమ్మ నాటు వెయ్యని మడి లేదు. పదేళ్ళప్పుడు దిగింది, అరవై ఎనిమిదొచ్చినా ఇంకా ఎక్కలేదు. చిమటా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

“ఎట్ల గుచ్చినవ్‌రా?”

“నిలువుగ.”

“మొక్క వెట్టినవా, మేకు గొట్టినవా? ఏటవాలుగ పోవాలె. పెట్టినంక వేళ్ళిడిశి పక్కకు తియ్యాలె. మీదికి గుంజితె నీ ఎంబడే అస్తది.”

నా భార్య రేఖ చాటలో బియ్యం పోసి ఇచ్చింది. అమ్మ కరివేపాకు రెబ్బను చిమటాతో బియ్యంలో నాటి చూపించింది. నిలబడింది. రేఖ నవ్వింది. ఇరవై రెండేళ్ళ సర్వీసున్నవాణ్ణి చూసి నవ్వాల్సిన అవసరం లేదు.

సెప్టెంబర్ 16

నలభైలో రెండే తేలాయి. ఎట్లా చేశావని బాలప్ప అడిగితే టెక్నిక్ అన్నాను.

అక్షరాలు ఇవాళ కొంచెం వంకరగా ఉన్నాయి. పెన్ను మార్చాను.

సెప్టెంబర్ 24

రాయడానికేమీ లేదు. చెయ్యి బాగుంది.

సెప్టెంబర్ 30

ఈమధ్య టీషర్టులు వేసుకుంటున్నాను. ఉక్కపోతగా ఉంది. గుండీలున్న చొక్కాలు రేఖ మడతపెట్టి బీరువాలో పైఅరలో పెట్టింది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

అంతకుముందు నెలంతా గుండీలు ఆమే పెట్టేది. అది రాయాల్సిన విషయం కాదు.

అక్టోబర్ 1

రేఖ టీ గ్లాసు ఇచ్చింది. తీసుకుని అరుగు మీద కూర్చున్నాను. ఆమె ఒక్కసారిగా కేకేసి గ్లాసు లాక్కుంది. “కాలుతలేదా? నీ వేలు సూడు!” అంది. చూశాను. చూపుడువేలు కొస బొబ్బెక్కింది. పనిచేసే చేతులకు వేడి అంత త్వరగా తెలియదు. ప్రెస్ షాపులో అందరివీ అంతే.

అక్టోబర్ 5, శనివారం

కాడలు పెరిగి నీళ్ళ పైదాకా వచ్చాయి. పైభాగం కత్తిరించాలి. కణుపుకు కొంచెం పైన కోస్తే, కింద మిగిలిన మోడుకు రెండు పిలకలు వస్తాయి. కోసిన తల మళ్ళీ నాటుకోవచ్చు. బంతి మొక్కకు తల తుంచే లెక్కే. కత్తెర మొద్దుదైతే మాత్రం కాడ తెగదు, నలుగుతుంది. నలిగింది కుళ్ళుతుంది. అందుకే ముందు రెండు కత్తెరలూ సాన పట్టాను.

పాత మొక్కలవీ కలిపి కోసిన తలలు నలభై పైనే అయ్యాయి, పారేయబుద్ధి కాలేదు. స్టోర్‌లో దుమ్ము పట్టిన రెండడుగుల గాజు తొట్టె ఉంటే సార్‌నడిగి ఇంటికి తెచ్చాను. వెనక గదిలో కిటికీ పక్కన పెట్టాను. ఎడమ సగంలో ఎడమ చేత్తో ఇరవై రెండు, కుడి సగంలో కుడి చేత్తో ఇరవై రెండు నాటాను. కుడి చేతికి శిక్షణ. డిసెంబర్ ఏడుకు ఇంకా రెండు నెలలుంది.

ఎడమవైపు ఇరవై నిమిషాలు పట్టింది. కుడివైపు గంటా పది.

అక్టోబర్ 11, శుక్రవారం

కంపెనీలో ఆయుధ పూజ. ప్రెస్సులకు పసుపు, కుంకుమ, నిమ్మకాయలు. పానాలన్నీ గుడ్డ మీద పేర్చారు. సునీల్‌కుమార్ సార్ నా చిమటాలు, కత్తెరలు కూడా తెప్పించి వాటి పక్కన పెట్టించాడు. పద్దెనిమిదో నంబరు పానా పక్కన అవి పెళ్ళికొచ్చిన పట్నం చుట్టాల్లా ఉన్నాయి. పూజారి ఒకసారి ఆగి, వాటికి కూడా బొట్టు పెట్టాడు.

నర్సింగ్ కలిశాడు. తొమ్మిదేళ్ళు నా ప్రెస్ మీద ఆపరేటర్. నేను డై ఎక్కించి నాలుగు బోల్టులు బిగిస్తాను. అతను “బిగిసిందా అన్నా?” అంటాడు. నేను “బిగిసింది” అంటాను. అప్పుడు చేతులు లోపల పెడతాడు. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా తను కదిపి చూసుకోలేదు. టార్క్ రెంచి అని ఒకటి ఉంది, బోల్టు సరిగ్గా బిగిస్తే టక్కుమంటుంది. స్టోర్‌లో పెట్టెలో ఉంటుంది. ఆడిట్ వాళ్ళొచ్చినప్పుడు బయటికొస్తుంది, ఫోటో దిగి లోపలికి పోతుంది. మాకది అక్కర్లేదు. ఇగ చాలు అని పానా మా చేతికి చెబుతుంది.

“కొత్త సెట్టర్ ఎట్లున్నడు?” అన్నాను.

“కాంట్రాక్టుల అచ్చిండు. మంచోడే. గని అడిగితె ‘హో గయా’ అంటడు, టీకి పోతడు. నేను మల్ల కదిపి సూసుకుంట. నువ్వెప్పుడస్తవ్ అన్నా? జల్దీ రా.”

వస్తానన్నాను.

అక్టోబర్ 20

తొట్టెలో ఎడమవైపు కొత్త ఆకులు. కుడివైపు పదిహేను కాడలు మట్టి దగ్గర నల్లబడి ఊడాయి. వెలుతురు కారణం. కిటికీ ఎడమవైపుంది.

అక్టోబర్ 21

తొట్టె తిప్పిపెట్టాను. ఇప్పుడు కిటికీ కుడివైపుంది. రెండు సగాలూ పీకి, కంపెనీ నుంచి కొత్త కాడలు తెచ్చి, ఏ చేతివైపు ఆ చేత్తో మళ్ళీ ఇరవై రెండేసి నాటాను.

నవంబర్ 2

కుడివైపు పద్నాలుగు పోయాయి. గాలి బుడగల పైపు అటువైపే ఉంది. నీళ్ళు కదులుతుంటే వేళ్ళూనుకోవు. పైపు మార్చి, కుడివైపు మళ్ళీ నాటాను.

నవంబర్ 6

కంపెనీ అక్వేరియంలో ఆకులు కొంచెం పాలిపోయాయి. నిన్న ఇంట్లో మాటవరసకు అన్నాను. అమ్మ, “ఇంత యూరియా సల్లు” అంది. అవును కదా అనిపించింది. మూడు తరాలుగా ఏ పచ్చదనం తగ్గినా మేం చేసేదదే. ఇవాళ బాలప్ప టిఫిన్ డబ్బా మూతలో పట్టుకొస్తే చిటికెడు వేశాను. ఇంకో చిటికెడు కూడా.

నవంబర్ 8

చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. రెండు చచ్చాయి. నీళ్ళు మూడుసార్లు మార్చాను. మిగిలినవి ఎనిమిది. ఎవరు లెక్కపెడతారులే అనుకున్నాను.

“యాదన్నా, మొన్న పది ఉండె గదా?” అన్నాడు సునీల్‌కుమార్ సార్.

“రెండు లోపలికి పొయినయ్ సార్, గడ్డిలకు.”

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. “చేపలకెవరన్న యూరియా ఏస్తర్రా? చెట్టుకు ఎయ్యమన్న” అంది. ఇకమీదట మడి తెలివి ఈ నీళ్ళలోకి రానివ్వను.

నవంబర్ 17, ఆదివారం

ఒక కిటుకు దొరికింది. చేతిని చూస్తూ ఉంటే చెయ్యి చెప్పినట్టు వింటుంది. చూపు తిప్పితే వదిలేస్తుంది. కాబట్టి చూస్తూ ఉండాలి. రూపాయి బిళ్ళ, పెన్ను, సూది, అన్నీ చూసి పట్టుకున్నాను. ఇరవైకి పంతొమ్మిది.

కుడివైపు పదహారు పోయాయి. ఈసారి మట్టి పాతబడింది.

నవంబర్ 29

చెయ్యి బాగుంది. చెయ్యి బాగుంది. చెయ్యి బాగుంది. అరపేజీ నిండాలి కదా.

డిసెంబర్ 7, శనివారం

ఫిట్.

గుండీల చొక్కా వేసుకున్నాను. గుండీలు రేఖ పెట్టింది. డాక్టరు ఫోన్లో మాట్లాడుతూనే తన వేలు పిసకమన్నాడు, పిసికాను. పెన్ను తీయమన్నాడు, తీశాను. బిళ్ళ తీయమన్నాడు, చూసి తీశాను. కళ్ళు మూసుకోమనలేదు. నేనూ గుర్తుచేయలేదు. సంతకం పెట్టి ఫోన్ మాట్లాడుతూనే వెళ్ళిపోయాడు.

నర్సింగ్‌కు ఫోన్ చేశాను. “సోమవారం అస్తున్నవా? నిజంగనా?” అని మూడుసార్లు అడిగాడు. ముత్తంగిలో ఆగి అరకిలో కలాకండ్ తెచ్చాను. సంతోషంగా ఉంది. చాలా రోజుల తర్వాత సంతోషంగా ఉంది.

డిసెంబర్ 8, ఆదివారం

శిక్షణ అయిపోయింది కదా, నలుగురూ చూస్తారని తొట్టెను వెనక గదిలోంచి ముందు అరుగు మీదికి తెచ్చి పెట్టాను. అమ్మ ఇన్నాళ్ళూ దాన్ని సరిగ్గా చూడలేదు. నారుమడి దగ్గర్నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, తొట్టె ముందు గొంతుక్కూర్చుంది. చాలాసేపు చూసింది.

“ఈ దిక్కు నాటింది నువ్వు, గదా?” అంది ఎడమ సగం చూపించి. “ఆ దిక్కు ఎవరు నాటిండ్రురా?”

“ఎందుకే?”

“ఆ చెయ్యి మంచిగ లేదు. మెడ పిసికిండ్రు. అన్ని ఒక్కతీర్గనే కుళ్ళినయ్ సూడు, పట్టిన కాడికే.”

నాటు వేసే ఆడవాళ్ళకు ఇది మామూలే. మడి ఎండాక కూడా ఏ వరస ఎవరు వేశారో చెబుతారు. నాకది తెలుసు. తొట్టె బయటికి తెచ్చేటప్పుడు గుర్తుకు రాలేదు.

“వెలుతురు తక్కువుండె” అన్నాను.

“మన నాగేశ్వరి లేదూ, పక్షవాతం అచ్చి లేసింది? ఆమె వరసల నారంత గిట్లనే పొయ్యేది. వేళ్ళకు తెలుస్తుండె గాదు పాపం. పట్టిన్నో లేదో అని ఇంక జెర వత్తుతుండె. ఎవరమేమనలే. నారుకట్టలు పంచే పని ఇచ్చినం, ఇప్పటికీ అదే చేస్తది. గని నాటనియ్యం. ఆమె నాటితె ఎన్కొచ్చేటోళ్ళకే నష్టం.” ఇటు తిరిగింది. “ఎవరు నాటిండ్రురా?”

“రేఖ” అన్నాను.

రేఖ గడపలో బియ్యం ఏరుతోంది. నా వైపు చూసింది.

“అవునత్తా, నేనే” అంది.

అమ్మ రేఖ చేతుల వంక చూసింది. ఆ వేళ్ళు ఒక్కొక్క రాయినీ ఏరి పక్కన పడేస్తున్నాయి. తర్వాత నా చేతుల వంక చూసింది. లేచి, చీర కుచ్చెళ్ళు దులుపుకుని, లోపలికి వెళ్ళిపోయింది.

యూరియా సంగతి నేనింకా మర్చిపోలేదు. ఆమె చెప్పినవన్నీ నిజం కానక్కర్లేదు.

అదే రోజు, సాయంత్రం

కళ్ళు మూసుకుని రెండు చేతులతో ఒక్కో కాడ పట్టుకున్నాను. కళ్ళు తెరిచి చూస్తే ఎడమ చేతిలోది బాగుంది. కుడి చేతిలోది రెండు ముక్కలై ఉంది. ఎప్పుడు తెగిందో తెలియదు. పట్టుకున్నట్టే తెలియలేదు.

ఇంకొకటి. సెప్టెంబర్ పదహారు నుంచి ఈ డైరీ ఎడమ చేత్తోనే రాస్తున్నాను. పెన్ను మార్చలేదు.

డిసెంబర్ 9, సోమవారం

ఆరున్నరకు షిఫ్టు. ప్రెస్‌కు నర్సింగ్ కొబ్బరికాయ కొట్టి పెట్టాడు. నా పానా తుడిచి గుడ్డలో చుట్టి ఉంచాడు. కాంట్రాక్టు సెట్టర్‌ను పక్క ప్రెస్‌కు పంపారు.

డై ఎక్కించాను. మొదటి బోల్టు, రెండోది, మూడోది, నాలుగోది. కుడి చేత్తో పానా, కళ్ళు పానా మీద. భుజానికి బరువు తెలిసింది. అరచేతికి కొంచెం తెలిసింది. చివర్న ఇగ చాలు అనే మాట ఒకటి రావాలి. దానికోసం ఆగాను. రాలేదు. ఇంకొంచెం లాగాను. ఇంకొంచెం లాగితే సరిపోయిందో, బోల్టు మర పోయిందో తెలియదు. ఈ పనిలో చూసి తెలుసుకునేదేమీ లేదు. బిగిసిన బోల్టూ బిగియని బోల్టూ కంటికి ఒకేలా ఉంటాయి.

నర్సింగ్ తన చోటుకొచ్చి నిలబడ్డాడు. రెండు చేతులూ ప్యాంటుకు తుడుచుకున్నాడు.

“బిగిసిందా అన్నా?”

భయమేసింది. జూలైలో డై నా మీద పడ్డప్పుడు కూడా ఇంత భయం వెయ్యలేదు. అప్పుడు అది నా చెయ్యి.

“అన్నా, బిగిసిందా?”

బిగిసింది అనే మాట నోటిదాకా వచ్చింది. తొమ్మిదేళ్ళుగా అన్న మాట, దానంతటదే వస్తుంది. అతని చేతులు అప్పుడే ముందుకు కదిలాయి. నేను అనేశాననే అనుకున్నాడు.

“చేతులు తియ్యి” అన్నాను.

“ఏమైందే?”

“బిగిసిందో లేదో నాకు తెల్వది నర్సింగూ. నా చేతికి తెలుస్తలేదు.”

అతను నవ్వబోయి, నా మొహం చూసి ఆగాడు. ప్రెస్ షాపులో ఐదారుగురు ఇటు తిరిగారు. సిగ్గేసింది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆ మాట ఎవరి ముందూ అనలేదు, ఈ డైరీ ముందు కూడా.

ఫోర్‌మన్ స్టోర్ నుంచి టార్క్ రెంచి తెప్పించాడు. దాని ప్లాస్టిక్ కవరు కూడా ఇంకా తీయలేదు. నర్సింగ్‌నే పట్టమన్నాడు. మొదటి బోల్టు టక్. రెండోది టక్. మూడోది టక్కుమనలేదు. తిరిగింది. ఇంకా తిరిగింది. పావు చుట్టు.

నాలుగోది టక్.

డిసెంబర్ 10

సునీల్‌కుమార్ సార్ మళ్ళీ కుర్చీ చూపించాడు.

“డాక్టర్ ఫిట్ అని రాసిండు గదా యాదన్నా. నువ్వు కాదంటె కాగితం ఏడ వెట్టాలె?”

“కళ్ళు మూసుకోమని మల్లొకసారి సూడమనుండ్రి సార్. గప్పుడు రాస్తడు.”

పెన్నుతో బల్ల మీద కొట్టుకుంటూ కూర్చున్నాడు. పైకి రాయాలన్నాడు, టైం పడుతుందన్నాడు. అప్పటిదాకా రిసెప్షనే. అప్పటి తర్వాత ఏమిటో ఆయనకూ తెలియదు. అడిగాను, తెలియదనే చెప్పాడు. ఆ మాట అనడం అంత కష్టం కాదు, అలవాటైతే.

లేస్తుంటే అన్నాడు, “చేపలు ఎనిమిదే ఉన్నయ్. నేను లెక్కవెట్టిన.”

“యూరియా ఏసిన సార్.”

“ఇయ్యాల ఇంకేమన్న చెప్పేదున్నదా?” అన్నాడు. లేదన్నాను.

డిసెంబర్ 15, ఆదివారం

కుడి సగం మొత్తం పీకేశాను. అమ్మను పిలిచి నాటమన్నాను. చిమటా చేతికిచ్చాను, పక్కన పెట్టేసింది. జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని, మోచేయిదాకా నీళ్ళలో పెట్టి, ఇరవై రెండు కాడలూ వేళ్ళతోనే నాటింది. తొమ్మిది నిమిషాలు. నేను పక్కన కూర్చుని ఒక్కొక్క కాడా అందించాను. రేఖ చూసి, “నారు పంచుతున్నవా?” అంది.

అవునన్నాను.

అమ్మ ఆ రోజు సంగతి ఎత్తలేదు. ఒక్క మాట మాత్రం అంది, చెయ్యి తుడుచుకుంటూ. “కోడలిమీద ఎయ్యకురా ఇంకెప్పుడు.”

డిసెంబర్ 23

కుడివైపు అన్నీ నిలబడ్డాయి.

ప్రెస్ మీద ఇప్పుడు నర్సింగే సెట్టర్. టార్క్ రెంచి అతని దగ్గరే ఉంటుంది, కవరు తీసేశారు. వారంలో రెండు రోజులు నేను వెళ్ళి పక్కన నిలబడి చెబుతున్నాను. డై ఎట్లా ఎక్కించాలో నోటితో చెప్పడం రాదని ఇప్పుడే తెలిసింది. నేర్చుకుంటున్నాను. పైనుంచి కాగితం ఇంకా రాలేదు.

నర్సింగ్ ఇవాళ పదిన్నరకు రిసెప్షన్‌కు వచ్చాడు, నాకూ టీ తెచ్చాడు. నాది బల్ల మీద పెట్టి, చల్లారాక తాగమన్నాడు. తన గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, అక్వేరియం ముందు నిలబడి, ఊదుకుంటూ తాగాడు.

పది వేళ్ళూ ఉన్నాయి. లెక్కపెట్టాను.